మోకాలి కింద తలగడ తీసేయండి

(రాజమహేంద్రవరంలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. చేతికర్రతో వచ్చినవారు దయచేసి గోడ పక్కనున్న చేతుల కుర్చీల్లోకి మారండి. ఈ మడత కుర్చీలకు చేతులు లేవు, ఎత్తూ తక్కువే. వాటిలోంచి లేవడానికి మీరు పడే అవస్థ చూస్తూ నేను మాట్లాడలేను. తొందరేమీ లేదు, నిదానంగా మారండి. కాఫీ ఎలాగూ ఇంకా రాలేదు.

ఇందాక కార్యదర్శి గారు నన్ను పరిచయం చేస్తూ "మోకాలి చిప్పల మార్పిడి తర్వాత జాగ్రత్తల గురించి చెబుతారు" అన్నారు. మనవైపు అందరూ అనే మాటే అది. పేచీ పెట్టాలని కాదు గానీ, ఆ ఆపరేషన్‌లో ముఖ్యంగా మార్చేది చిప్పను కాదు. తొడ ఎముక కింది కొసనూ, దాని కింది ఎముక పై కొసనూ కొన్ని మిల్లీమీటర్ల మందాన చెక్కుతారు. పంటికి తొడుగు వేసినట్టు పైన కోబాల్ట్ క్రోమియం తొడుగు, కింద ఒక లోహపు పళ్లెం అమరుస్తారు. రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. చిప్ప మాత్రం మీ సొంతదే. కొందరికి దాని వెనకవైపు చిన్న ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు, కొందరికి అదీ ఉండదు.

ఈ పాఠం ఇప్పుడెందుకంటారా? కొత్తగా పెట్టింది లోహమూ ప్లాస్టిక్కూ కాబట్టి దానికి నొప్పి తెలియదు, అది కోలుకోవలసిన పనీ లేదు. చాలామందిని ఆపరేషన్ అయిన రోజునో మర్నాడో వాకర్ ఇచ్చి నిలబెడతాము. అప్పుడు ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. "ఇంకా పచ్చిగా ఉంది కదండీ, అతికిందో లేదో!" అంటారు. అతకడానికి అది విరిగిన ఎముక కాదు. మీ బరువు మోయడానికి ఆ కీలు మొదటి రోజే సిద్ధం. సిద్ధంగా లేనివి దాని చుట్టూ ఉన్న కండా, చర్మమూ, లోపలి పొరలూ. నా పనంతా వాటితోనే. మీ పని కూడా.

ఈ ఆపరేషన్ పేరు మన దేశంలో ఇంటింటికీ చేరింది వాజ్‌పేయి గారి వల్ల. 2000 అక్టోబరులో ముంబయిలోని బ్రీచ్ క్యాండీ ఆసుపత్రిలో ఆయన ఎడమ మోకాలికి, 2001 జూన్‌లో కుడి మోకాలికి ఆపరేషన్ జరిగింది. చేసిన డాక్టర్ చిత్తరంజన్ రణావత్ 1970లలో న్యూయార్క్‌లో జాన్ ఇన్సాల్‌తో కలిసి, ఈనాటి కృత్రిమ మోకీళ్లన్నిటికీ మూలమైన నమూనాను తయారుచేసిన బృందంలోని వ్యక్తి. దేశ ప్రధాని పదవిలో ఉండగా చేయించుకున్నారంటే మనకేం భయం అని చాలామంది ముందుకొచ్చారు. ఆ తర్వాత 2017 ఆగస్టులో కేంద్రం ఈ కీళ్ల ధరకు పరిమితి పెట్టింది. అంతకుముందు లక్షన్నర దాటి పలికిన మామూలు రకం కీలు పన్ను కాక 54,720 రూపాయలకు దిగింది. దాంతో మధ్యతరగతి ఇళ్లకు కూడా వచ్చేసింది. ఎన్నేళ్లు పనిచేస్తుంది అని అడుగుతారు. పాతికేళ్ల లెక్కలను కలిపి చూసి 2019లో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. దాని ప్రకారం నూటికి ఎనభై రెండు మోకీళ్లు పాతికేళ్ల వరకు మళ్లీ మార్చే అవసరం లేకుండా ఉన్నాయి. డెబ్బై ఏళ్లకు చేయించుకున్నవారికి ఇక ఆ దిగులు పెద్దగా అక్కర్లేదు.

కాబట్టి కీలు మంచిదే, చేసే చేతులూ మంచివే. ఆపరేషన్‌కు పట్టేది ఇంచుమించు గంటన్నర. మరి అదే కీలు, అదే డాక్టరు, పక్కపక్క మంచాలు అయినా ఆరు నెలల తర్వాత ఒకరు గోదావరి గట్టు మీద నడకకు వస్తారు, ఇంకొకరు గుమ్మం దాటరు. తేడా ఎక్కడుంది? ఇరవై అయిదేళ్లుగా చూస్తున్నాను. చాలాసార్లు ఆ తేడా మోకాలి కింద పెట్టిన తలగడలో ఉంటుంది.

నవ్వకండి. పరామర్శకు వచ్చిన ప్రతివారూ అడిగే ప్రశ్న ఒకటే. "ఎంతవరకు వంగుతోంది?" బత్తాయిలు బల్ల మీద పెట్టీ పెట్టగానే అడుగుతారు. "మా వదినగారికి పదో రోజుకే పూర్తిగా వంగింది" అని ఒక మాట కూడా కలుపుతారు. "పూర్తిగా చాపగలుగుతున్నారా?" అని అడిగినవారు నాకు ఇంతవరకు తగల్లేదు. ముందు చూడవలసింది అదే.

ఎందుకో చెబుతాను. దెబ్బ తిన్న మోకాలిలో నీరు చేరుతుంది, వాపు ఉంటుంది. కాలు కొంచెం వంచి పెడితే, అంటే ముప్పై డిగ్రీల ప్రాంతంలో, లోపల చోటు ఎక్కువ దొరుకుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, హాయిగా ఉంటుంది. అందుకే ఎవరూ చెప్పకుండానే చేయి తలగడ కోసం వెతుకుతుంది. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే లోపల కొత్త పొరలు అల్లుకుంటూ ఉంటాయి. మీరు కాలు ఏ వంపులో ఉంచితే ఆ వంపులోనే గట్టిపడతాయి. పైగా ఆపరేషన్ దాకా వచ్చినవారిలో చాలామంది పదేళ్లుగా దొడ్డికాళ్లతో, మోకాళ్లు వంచుకుని నడిచినవారే. తొడ వెనక కండరాలు అప్పటికే కురచబడి ఉంటాయి. డాక్టరు బల్ల మీద కాలు తిన్నగా చేసి పంపిస్తారు. మనం ఇంటికి తెచ్చి మళ్లీ వంచుతాము.

మా ఇంటి సంగతే చెబుతాను. ఏడేళ్ల కిందట మా అమ్మకు కుడి మోకాలికి ఆపరేషన్ జరిగింది. రెండో రాత్రి మూడు గంటలకు "కాలు లాగేస్తోందే తల్లీ" అని మూలిగింది. ఊరందరికీ వద్దని చెప్పే నేనే లేచి, మెత్తటి బూరుగుదూది తలగడ తెచ్చి మోకాలి కింద పెట్టాను. అయిదు నిమిషాల్లో నిద్రపోయింది. మూడో రాత్రి తనే అడిగింది. నాలుగో రాత్రి నాన్న అడగకుండానే పెట్టారు. పదో రోజున కొలిచి చూస్తే కాలు తిన్నగా రావడానికి ఇంకా పదిహేను డిగ్రీల లోటు ఉంది. ఆ పదిహేను డిగ్రీలు వెనక్కి తెచ్చుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది. అమ్మ ఆ రెండు నెలలూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ నన్ను తిట్టింది తలగడ పెట్టినందుకు కాదు, తీసేసినందుకు.

పదిహేను డిగ్రీలకు ఇంత రాద్ధాంతమా అనిపిస్తే, ఓపిక ఉన్నవారు ఒకసారి లేచి నిలబడండి. కుర్చీ పట్టుకోండి. మోకాళ్లు కొంచెం వంచి అలాగే ఉండండి. మాస్టారూ, మీరు వద్దు, కూర్చోండి. ఆ... తొడల్లో అప్పుడే మంట మొదలైంది కదూ? కాలు తిన్నగా ఉంటే మనిషి ఎముకల మీద నిలబడతాడు. వంగి ఉంటే కండరం మీద నిలబడతాడు. తిన్నగా రాని కాలితో నడిచేవారు రోజంతా ఇదే పని చేస్తుంటారు. ఆ కాలు పొట్టిదైనట్టు నడక ఒకవైపు ఒరుగుతుంది, నెలరోజుల్లో నడుము పట్టేస్తుంది, రెండో మోకాలు కూడా మొరాయిస్తుంది. కూర్చోండి, కూర్చోండి.

అందుకని తలగడ పెట్టాలనుకుంటే మడమ కింద పెట్టండి. మోకాలి కింద ఏమీ ఉండకూడదు, గాలి తప్ప. మడమ ఎత్తులో ఉంటే మోకాలు తన బరువుకే కిందికి దిగుతుంది. మొదట అయిదు నిమిషాలు ఉంచినా చాలు, నెమ్మదిగా పెంచుకోవచ్చు. తర్వాత తొడ ముందు కండరాన్ని బిగించి, మోకాలి వెనక భాగంతో మంచాన్ని నొక్కండి. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. అలా పదిసార్లు. మెలకువగా ఉన్నప్పుడల్లా గంటకోసారి చేస్తే నేను చాలా సంతోషిస్తాను. రెండు గంటలకోసారి చేసినా సంతోషిస్తాను. టీవీలో ధారావాహిక వచ్చే ఇళ్లలో ప్రకటన పడినప్పుడల్లా చేయమని చెబుతాను. అంతకంటే కచ్చితమైన గడియారం ఇంకోటి లేదు.

ఆ తొడ కండరం గురించి ఒక్క మాట. ఆపరేషన్ అయిన నెలకు దాని బలం సగానికి పైగా పడిపోతుంది. మీరు బద్ధకించినందువల్ల కాదు. వాపు, నొప్పి కలిసి ఆ కండరానికి వెళ్లే ఆజ్ఞనే అణచేస్తాయి. "కాలు ఎత్తమంటే ఎత్తడం లేదు, నాది కానట్టుంది" అని భయపడేవారు ఎందరో. కాలు తిన్నగా ఉంచి జానెడు పైకి ఎత్తడం వచ్చిన రోజున నేను ఆ ఇంట్లో కాఫీ తాగి వస్తాను. మోకాలు ఎంత వంగింది అన్నదానికంటే అదే నాకు పెద్ద పండుగ.

వంగడం అక్కర్లేదని నేను అనడం లేదు. సమతలం మీద నడవడానికి డెబ్బై డిగ్రీల దాకా వంగితే సరిపోతుంది. మెట్లకు తొంభై, కుర్చీలోంచి సాఫీగా లేవడానికి నూటికి కొంచెం పైన కావాలి. రెండో వారానికి తొంభై దగ్గరికి, మూడు నెలలకు నూటపది నుంచి నూట ఇరవై వరకు వస్తే బాగా కోలుకుంటున్నట్టే. కుర్చీలో కూర్చుని పాదాన్ని నేల మీద నెమ్మదిగా వెనక్కి జరుపుతూ వంచండి. ఎవరూ పట్టుకుని నొక్కకండి. కండబలం ఉన్న మేనల్లుడు సాయానికి వచ్చి ఒక్కసారిగా నొక్కాడంటే ఆ వాపు తగ్గడానికి మళ్లీ వారం పడుతుంది. ఆరు వారాలు దాటినా తొంభై రాకపోతే మాత్రం ఊరుకోకుండా మీ సర్జన్ దగ్గరికి వెళ్లండి. మత్తు ఇచ్చి కీలును వదులుచేసే పద్ధతి ఒకటి ఉంది, మొదటి మూడు నెలల లోపు చేస్తేనే ఫలితం బాగుంటుంది. ఆరో నెలలో నా దగ్గరికి వచ్చి "ఏదైనా చేయండి" అంటే నా చేతిలో ఉండేది తక్కువ.

నొప్పి మాత్రల విషయంలో మన మగవారు వీరులు. "నేను మాత్ర వేసుకోలేదండీ, ఓర్చుకున్నాను" అంటారు. ఓర్చుకుని ఏం చేశారు? కదలకుండా పడుకున్నారు. డాక్టరు రాసిన మాత్ర వ్యాయామానికి అరగంట, ముప్పావుగంట ముందు వేసుకుని పని చేయండి. కొన్ని నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి. సిగ్గుపడకుండా దానికీ మందు అడగండి. వ్యాయామం అయ్యాక గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టండి. వేడి కాపడం ఇప్పుడు వద్దు. మన ఇళ్లలో ఇసుక మూట, ఉప్పు మూట కాపడం పెట్టడం పెద్దవారికి చేతనైన వైద్యం, ప్రేమ కూడా. కానీ కొత్త గాయం మీద వేడి పెడితే వాపు పెరుగుతుంది. గాయం చుట్టూ చర్మానికి స్పర్శ తక్కువగా ఉంటుంది కాబట్టి కాలినా తెలియదు.

ఇక పథ్యం. ఈ మాట వింటే నాకు కోపం ఆగదు. పప్పు తింటే చీము పడుతుందట. పెరుగు తింటే వాపట. గుడ్డు వేడట. వంకాయ దురదట. అన్నీ తీసేసి పద్నాలుగు రోజులు చారన్నం, బ్రెడ్డు, కొబ్బరినీళ్లు. అరవై ఎనిమిదేళ్ల మనిషి అంత పెద్ద కోత మానాలంటే, కరిగిపోయిన తొడ కండ మళ్లీ రావాలంటే కావలసింది మాంసకృత్తులు. పప్పు, పెరుగు, గుడ్డు, చేప. సరిగ్గా మనం తీసేసినవన్నీ! మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత తినాలో వారి డాక్టరు చెప్పినంతే తినండి. మిగిలినవారు సుబ్బరంగా తినండి. రాజమండ్రిలో ఉండి చేప మానేయమంటే నా నోరు రాదు. పులస తినమని కాదు, దాని ధరకు ఇంకో ఆపరేషన్ చేయించుకోవచ్చు. బొచ్చె చాలు. పుండు మానకపోవడానికి పప్పు కారణం కాదు, అదుపులో లేని చక్కెర కారణం. పథ్యం అంటూ అన్నం ఒక్కటే పెడితే ఆ చక్కెరే పెరుగుతుంది.

ఇల్లు కూడా ఒకసారి చూసుకోండి. ఆసుపత్రి నుంచి రాకముందే. గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా తీసేయండి, వాకర్ కాలు దానిలోనే చిక్కుకుంటుంది. నవారు మంచం, కుంగిపోయే సోఫా వద్దు. బాత్‌రూమ్‌లో కుర్చీ మరుగుదొడ్డి, గోడకు పట్టుకునే కడ్డీ. తువ్వాలు వేసుకునే కడ్డీ కాదు, అది ఊడి మీతోపాటే వస్తుంది. రాత్రి చిన్న దీపం వెలగనివ్వండి. ఆడవారు కొన్నాళ్లు చీర కుచ్చెళ్లు చీలమండ పైకి కట్టుకోండి, లేదా నైటీతో ఉండండి, ఎవరేమనుకున్నా సరే.

కర్ర ఏ చేతిలో పట్టుకోవాలి అంటే ఆపరేషన్ కాకుండా ఉన్న కాలు వైపు చేతిలో. సినిమాల్లో ముసలివారి వేషాలు చూసి అందరూ దీన్ని తిరగేస్తారు. మెట్లకు ఒక సూత్రం ఉంది: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. రెయిలింగ్ వదలకండి.

ఇప్పుడు చెప్పబోయే నాలుగు ముక్కలూ నవ్వుతూ వినేవి కావు. పిక్కలో కొత్తగా నొప్పి, గట్టిదనం, ఒక్కసారిగా వాపు వస్తే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ పిక్కను నూనె పెట్టి పిసకకండి. ఆముదం కాదు, నువ్వుల నూనె కాదు, ఎవరు తెచ్చిన తైలమూ కాదు. వెంటనే డాక్టరుకు చూపించండి. ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే అర్ధరాత్రి అయినా అత్యవసర విభాగానికి వెళ్లండి. రక్తం పలచబడే మందు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ వాడండి. పిక్కలు, మడమలు ఆడిస్తూ ఉండండి, అదీ మందే. గాయం నుంచి రసి కారినా, ఎరుపు రోజురోజుకీ పాకినా, జ్వరం వచ్చినా ఆపరేషన్ చేసిన డాక్టరుకే ముందు చూపించండి. వీధి చివర మందుల కొట్టులో యాంటీబయాటిక్ కొనుక్కుని మింగితే పైకి తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల కీలు దగ్గర ముదురుతుంది. పైగా ఏ క్రిమి అన్నది పరీక్షలో కూడా దొరకకుండా పోతుంది.

భయపడనక్కర్లేనివి కూడా ఉన్నాయి. మచ్చకు బయటివైపు అరచేతి మేర మొద్దుబారడం మామూలే, చర్మానికి వెళ్లే చిన్న నరం కోతలో తెగుతుంది. మోకాలు కొన్ని నెలలు వెచ్చగా ఉంటుంది. నడిచేటప్పుడు టక్కుమని చప్పుడు రావచ్చు, లోహమూ ప్లాస్టిక్కూ కదా. సాయంత్రానికి వాపు కనిపించడం మూడు నెలలు, కొందరికి ఆరు నెలలు ఉంటుంది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. మూడో వారంలో ఏడుపు వస్తుంది. పరామర్శకు వచ్చేవారు తగ్గిపోతారు, అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి సెలవు అయిపోయి వెళ్లిపోతాడు, రాత్రి నిద్ర పట్టదు, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. "అనవసరంగా చేయించుకున్నాను" అనని మనిషిని నేను చూడలేదు. ఆ వారంలో ఒక నిర్ణయమూ తీసుకోకండి, వ్యాయామం ఒక్కటి ఆపకండి. ఆరో వారంలో వారే ఫోను చేసి కూరగాయల బజారుకు వెళ్లి వచ్చానని చెబుతారు. అందరూ కాదు. అయిదుగురిలో ఒకరికి ఏడాది తర్వాత కూడా ఏదో వెలితి ఉంటుందని ప్రపంచమంతటా లెక్కలు చెబుతున్నాయి. ఇరవై ఏళ్ల నాటి మోకాలు తిరిగి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నొప్పి లేకుండా నడవగలిగే మోకాలు వస్తుంది.

ఏమిటి బాబాయి గారూ? పెద్దగా చెప్పండి. ఆ... 2027 పుష్కరాలకు ఘాట్ మెట్లు దిగి మునగవచ్చా అని అడుగుతున్నారు. ఇప్పుడు ఆపరేషన్ అయి ఎన్నాళ్లయింది? నాలుగు నెలలా? గాయం పూర్తిగా మానింది కాబట్టి నీళ్ల భయం లేదు. భయమంతా మెట్ల మీది నాచుది, వెనక నుంచి తోసే జనానిది. రద్దీ లేని రోజున, మనవడి భుజం పట్టుకుని, రెండు మెట్ల వరకే దిగి చెంబుతో పోసుకోండి. గోదావరి ఏమీ అనుకోదు. కింద కూర్చుని వ్రతం చేయవచ్చా అని అమ్మగారు అడుగుతున్నారు. పీట మీద బాసింపట్టు, గొంతు కూర్చోవడం వద్దనే నేను చెబుతాను. బాగా వంగే మోకాలు ఉన్నవారిలో కొందరికి డాక్టర్లు కింద కూర్చోవడానికి ఒప్పుకుంటారు, అది మీ డాక్టరు మీ ఎక్స్‌రే చూసి చెప్పవలసిన మాట. కలశం బల్ల మీద పెట్టి, మీరు కుర్చీలో కూర్చోండి. పురోహితుల్లోనే సగం మంది ఇప్పుడు కుర్చీ అడుగుతున్నారు.

కాఫీ వచ్చినట్టుంది. అది చల్లారేలోపు చేసి చూపిస్తాను. ఆ బల్ల ఇటు జరపండి బాబూ. మాస్టారూ, ఇప్పుడు మీరే రావాలి, వెల్లకిలా పడుకోండి. తువ్వాలు చుట్టి మడమ కింద పెడుతున్నాను. అందరూ దగ్గరికి వచ్చి మోకాలి వెనక చూడండి. నా చేయి దూరుతోంది కదా? ఇప్పుడు కిందికి నొక్కండి మాస్టారూ, ఇంకొంచెం... ఒకటి, రెండు, మూడు...